గీజరు కింద పడే చుక్కను మూయకండి

పెరట్లో పొయ్యి మీద రాగి కాగులో నీళ్ళు కాచుకున్న రోజుల్లో ఈ గొడవ లేదు. కాగుకి పైన నోరు ఉంటుంది. నీళ్ళు వేడెక్కి ఉబ్బితే అంచు దాకా వస్తాయి, మరీ మరిగితే పొంగి పొయ్యిలో పడతాయి. గీజరు నోరు లేని కాగు. లోపల నీళ్ళు ఉబ్బడం మాత్రం మానవు. ఉబ్బిన నీటికి దారి మనమే పైపుల్లో పెట్టాలి. పైపింగు పనిలో సగం తలనొప్పులు ఈ ఒక్క సంగతి మర్చిపోవడం వల్ల వచ్చేవే.

మన డెల్టాలో మామూలు ఇల్లు తీసుకోండి. మేడ మీద నల్ల ట్యాంకు, కింద స్నానాల గదిలో గీజరు. ట్యాంకు అడుక్కీ గీజరుకీ మధ్య ఎత్తు మూడు నాలుగు మీటర్లు. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ లెక్కన అక్కడ ప్రెషర్ 0.3, 0.4 బార్ మించదు. అంత తక్కువలో, వెనక్కి పోకుండా వాల్వేమీ లేకపోతే, ఉబ్బిన నీరు వచ్చిన పైపులోంచే మెల్లగా ట్యాంకు వైపు పోతుంది. ఎవరికీ తెలియదు, ఏమీ కాదు. తర్వాత పెద్ద షవరు కొంటారు, అది చినుకులా పడుతుంది, ప్రెషర్ పంపు పెట్టిస్తారు. పంపు ఎక్కిన రోజు నుంచి అదే గీజరు మీద రెండు మూడు బార్ ఉంటుంది. పంపుకి ఎన్ఆర్‌వి కూడా వస్తుంది, అంటే నీటిని వెనక్కి పోనివ్వని వాల్వు. ఉబ్బిన నీటికి వెనక్కి పోయే దారి ఆ రోజుతో మూసుకుపోయింది. పంపు పెట్టినవాళ్ళు గీజరు వైపు చూడరు, గీజరు పెట్టినవాళ్ళకి పంపు సంగతి తెలియదు.

కాబట్టి మొదట చూడాల్సింది గీజరు నేమ్‌ప్లేటు. దాని మీద ప్రెషర్ మెగాపాస్కల్‌లో రాసి ఉంటుంది. 0.8 అని ఉంటే 8 బార్ తట్టుకుంటుందని. పంపు ఉన్న ఇంటికీ, ఐదంతస్తుల అపార్టుమెంటులో కింది ఫ్లాటుకీ అలాంటిదే పెట్టాలి. ప్లేటు మీద అంకె కనిపించని పాత గీజరుని పంపు లైనుకి తగిలించడం కన్నా దించి పక్కన పెట్టడం మేలు.

ఎంత ఉబ్బుతుందో లెక్క వేద్దాం. 25 డిగ్రీల నీరు 65 డిగ్రీలకి వెళ్తే దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. 25 లీటర్ల గీజరులో అది 400 మిల్లీలీటర్ల పైన, అంటే హోటలు టీ గ్లాసులతో నాలుగు. నీటిని నొక్కితే కుదించుకోదు. మూసిన ఇనప డొక్కులో నాలుగు గ్లాసుల నీరు అదనంగా కూరాలంటే డొక్కే సాగాలి. సాగి సాగి లోపలి ఎనామిల్ పూత చిట్లుతుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది, రెండేళ్ళకి అడుగు కారుతుంది. గీజరు మంచిది కాదని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు గీజరుది కాదు.

దీనికోసమే గీజరుతోపాటు ఇత్తడి వాల్వు ఒకటి ఇస్తారు. ప్లంబర్లు ఎమ్‌ఎఫ్‌వి అంటారు. బొటనవేలంత ఉంటుంది గానీ రెండు పనులు చేస్తుంది. లోపలికి వచ్చిన నీటిని వెనక్కి పోనివ్వదు. లోపల ప్రెషర్ దాని మీద చెక్కిన అంకె దాటితే, మామూలుగా 8 బార్ అని ఉంటుంది, పక్కనున్న చిన్న ముక్కులోంచి నీరు బయటికి వదులుతుంది. కుక్కరుకి వెయిటు ఎలాగో గీజరుకి ఇది అలాగ. గీజరు ఆన్‌లో ఉన్నప్పుడు ఆ ముక్కులోంచి చుక్కలు పడటం దాని ఉద్యోగం. "కారుతోందండీ, డమ్మీ కొట్టేశాను" అని మేస్త్రి చెబితే ముక్కుని మూసిన ఆ డమ్మీ విప్పించేదాకా స్విచ్ వెయ్యకండి. నీరు కాగాక కరెంటు ఆపే థర్మోస్టాటు అతుక్కుపోయి, అది పోతే ఆపాల్సిన కటౌటు కూడా పనిచెయ్యని రోజున మిగిలేది ఆ ముక్కు ఒక్కటే. ప్రెషర్‌లో నూరు డిగ్రీలు దాటిన నీరు డొక్కు పగలగానే ఒక్కసారి ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే పదహారు వందల లీటర్ల పైనే చోటు కావాలి.

ఇక వరస. చల్లనీళ్ళ లైను గోడలోంచి బయటికి వచ్చిన చోట బాల్ వాల్వు లేదా యాంగిల్ కాక్. తర్వాత వై స్ట్రెయినరు, అంటే ఇసుకా మట్టీ పట్టే జాలీ. తర్వాత, పంపు ప్రెషర్ మూడు బార్ దాటే చోట, ప్రెషర్ తగ్గించే వాల్వు. తర్వాత స్టీలు అల్లిక ఉన్న ఫ్లెక్సిబుల్ పైపు. దాని చివర ఎమ్‌ఎఫ్‌వి. అది నేరుగా గీజరు నీలం రింగు ఉన్న పైపుకి బిగియాలి. ఎమ్‌ఎఫ్‌వికీ గీజరుకీ మధ్య ఏ కాకూ, ఏ వాల్వూ ఉండకూడదు. ఎవరో ఎప్పుడో ఆ కాక్ మూసేస్తారు, అప్పుడు ఎమ్‌ఎఫ్‌వి ఉన్నా లేనట్టే. వాల్వు మీద బాణం గుర్తు ఉంటుంది, అది గీజరు వైపు చూడాలి. తిరగేసి బిగించి, "గీజరులోకి నీళ్ళు ఎక్కట్లేదు" అని పంపుని అనుమానించడం తరచూ జరిగేదే.

ఎర్ర రింగు పైపు నుంచి వేడినీళ్ళ లైను. అక్కడ మరో ఫ్లెక్సిబులు, యూనియను చాలు. చల్లనీటి వైపు కాక్ కట్టేసి యూనియను విప్పితే గీజరు దిగిపోవాలి, గోడ పగలకొట్టాల్సిన పని రాకూడదు. ఫ్లెక్సిబుల్ పైపుల్లో తక్కువ ధరవి లోపల ప్లాస్టిక్ గొట్టంతో వస్తాయి. అవి వేడి వైపు మెత్తబడి నట్టు దగ్గర ఊడతాయి. లోపల రబ్బరు, ఈపీడీఎమ్ రకం, ఉన్నది అడిగి తీసుకోండి. 18 అంగుళాలది సరిపోతుంది. మరీ పొట్టిది తీసుకుని లాగి బిగిస్తే వాషరు పక్కకి జరిగి కారుతుంది.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. గీజరు నుంచి బయటికొచ్చే అరంగుళం పైపు ముక్క డొక్కుకి వెల్డింగుతో అతికి ఉంటుంది. ఒక్క రెంచీతో ఎమ్‌ఎఫ్‌విని బలంగా తిప్పితే ఆ ముక్క కూడా మెలిపడుతుంది, లోపల వెల్డింగు చుట్టూ ఎనామిల్ పూత పలుకులు రాలుతుంది. బయటికి ఏమీ కనపడదు. రెండు రెంచీలు వాడాలి, ఒకటి పట్టుకోవడానికి, ఇంకొకటి తిప్పడానికి. టెఫ్లాన్ టేపు మర తిరిగే వైపే ఎనిమిది పది చుట్లు, మొదటి మర వదిలేసి. మర మీద చుట్టే జనపనార, పూసే సఫేదా ఇక్కడ వద్దు. అంతకన్నా ముఖ్యం, గీజరుకీ ఎమ్‌ఎఫ్‌వికీ మధ్య జీఐ నిపుల్, అంటే జింకు పూత ఇనప మర ముక్క, పెట్టకండి. ఇత్తడికీ ఇనుముకీ మధ్య మన ఉప్పునీరు పారితే ఇనుము కరిగిపోతుంది. ఏడాది తిరిగేసరికి నిపుల్ మర ఎర్రటి పిండిలా రాలుతుంది. ఇత్తడి నిపులే వాడాలి.

చుక్క ఎక్కడికి పోవాలి

ఎమ్‌ఎఫ్‌వి ముక్కుకి గొట్టం తగిలించి వదిలేస్తారు. అది కమోడు వెనకాల ఎక్కడో వేలాడుతూ ఉంటుంది. ఈ గొట్టం విషయంలో నాలుగు సంగతులు. ముక్కు నుంచి చివరిదాకా కిందికే దిగాలి, మధ్యలో పైకి లేస్తే నీరు అక్కడ నిలిచి గసి పడుతుంది. చివర తెరిచే ఉండాలి. చివర నీటిలో మునగకూడదు, ఫ్లోర్ ట్రాపు జాలీకి నాలుగు అంగుళాల పైన ఆగాలి. కంటికి కనపడాలి, గోడలో దాచకూడదు. చుక్క పడుతోందా లేదా అన్నదే ఈ మొత్తం ఏర్పాటులో మనకి తెలిసే కబురు, దాన్ని దాచుకుంటే ఎలా? సన్న ప్లాస్టిక్ గొట్టం కన్నా అరంగుళం సీపీవీసీ మేలు, ఎందుకంటే ఏదన్నా తేడా వచ్చిన రోజు అందులోంచి వచ్చేది మరిగే నీళ్ళు.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. వేసవి నుంచి నెలల తరబడి గీజరు ఎవరూ వెయ్యరు. మట్టిగూడు కట్టే కందిరీగలకి ఇలాంటి ఎండిన గొట్టం భలే నచ్చుతుంది. గోడకున్న స్విచ్‌బోర్డు కన్నంలో మట్టి పెట్టినట్టే ఇందులోనూ పెట్టి పోతాయి. కార్తీకంలో గీజరు వేసే ముందు గొట్టంలోకి సన్న తీగ దూర్చి చూసుకోండి. చివర చిన్న స్టీలు జాలీ చుట్టొచ్చు అంటారు కొందరు. ఆ జాలీకి గసి పట్టి అదే డమ్మీ అవుతుంది. నేనైతే ఒప్పుకోను.

పైపులు

చల్లనీళ్ళకి తెల్ల యూపీవీసీ, వేడినీళ్ళకి క్రీము రంగు సీపీవీసీ అని అందరికీ తెలుసు. తెలియాల్సింది, గీజరు దగ్గర చివరి మీటరు చల్లనీళ్ళ లైను కూడా సీపీవీసీయే వెయ్యాలని. ఎమ్‌ఎఫ్‌వి లోపలి రబ్బరు సీటులో ఇసుక రేణువు ఇరుక్కుంటే వేడినీళ్ళు వెనక్కి వస్తాయి. యూపీవీసీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎల్బో దగ్గర వంగి అతుకు వదిలేస్తుంది. సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 (పైపు గోడ మందాన్ని చెప్పే అంకె) రకం 82 డిగ్రీల నీటితో కూడా 7 బార్ దాకా తట్టుకుంటుంది. చల్లటి నీటితో 23 డిగ్రీల దగ్గర అదే పైపు 28 బార్ మోస్తుంది. వేడి పెరిగేకొద్దీ పైపు బలం ఎంత తగ్గుతుందో ఈ రెండు అంకెల్లో ఉంది.

కోత అడ్డంగా సూటిగా ఉండాలి. హ్యాక్‌సాతో కోస్తే లోపల అంచు మీద పొట్టు మిగులుతుంది, దాన్ని చాకుతో గీకి, బయటి అంచుని ఆకురాయితో కొంచెం వాలుగా రుద్దాలి. వాలు లేకపోతే పైపు దూరేటప్పుడు సొల్యూషన్ అంతా లోపలికి తోసుకుపోయి అడుగున గడ్డకడుతుంది, సాకెట్టులో పొడిగా మిగిలిపోతుంది. సొల్యూషన్ రాయకముందు పైపుని ఉత్తినే దూర్చి చూడండి. సాకెట్టు లోతులో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల మధ్య ఆగితే సరైన జత. అడుగుదాకా జారిపోతే ఆ ఫిట్టింగు వేరే కంపెనీది, వద్దు. సొల్యూషన్ పైపుకి దండిగా, సాకెట్టుకి పల్చగా. దూర్చి పావు మలుపు తిప్పి, పదిహేను సెకన్లు కదపకుండా పట్టుకోవాలి. వదిలేస్తే పైపు తనంతట తనే వెనక్కి జరుగుతుంది. అంచు చుట్టూ సన్నటి పూస కనపడితే అతుకు బాగా పడినట్టు.

రోహిణి కార్తెలో మేడ మీద పని పెట్టుకుంటే సొల్యూషన్ రాసిన చెయ్యి తియ్యకముందే ఎండుతుంది. పొద్దున్నే చేయించండి, పైపులు నీడలో ఉంచండి. ముసురు పట్టిన రోజుల్లో బాధ వేరు, పైపు మీద తడి ఉంటే అతుకు పట్టదు, పొడిబట్టతో తుడవాలి, ఆరడానికీ ఎక్కువ టైము ఇవ్వాలి. డబ్బాలో జెల్లీలా చిక్కబడ్డ సొల్యూషన్‌ని థిన్నరు కలిపి వాడతారు. పారేయడమే మంచిది. మర వచ్చే ప్రతి చోటా ఇత్తడి మర పోసిన ఫిట్టింగే వాడాలి, ప్లాస్టిక్ మర వేడికి సాగుతుంది.

పొడవు వేడిలైను వేసేవాళ్ళు ఒకటి గమనించాలి. పది మీటర్ల సీపీవీసీ పైపు 35 డిగ్రీలు వేడెక్కితే రెండు సెంటీమీటర్ల పైనే సాగుతుంది. గాడి కొట్టి, పైపు పెట్టి, సిమెంటు గట్టిగా కూరితే అది సాగడానికి చోటు లేక ఎల్బోని నెడుతుంది. టైల్సు వెనక చెమ్మకి చాలాసార్లు మూలం ఇదే. ఎల్బోల దగ్గర రబ్బరు ఫోము తొడుగు వేసి తర్వాత సిమెంటు పుయ్యండి. గోడ మీద బయట వెళ్ళే పైపుకి మూడు అడుగులకో క్లాంపు, పైపు క్లాంపులో జరిగేలా వదులుగా.

సైజు విషయంలో "లావు పైపు వేస్తే ఫోర్సు బాగుంటుంది" అన్నది వేడినీళ్ళకి పూర్తిగా నిజం కాదు. ముప్పావు అంగుళం పైపు మీటరుకి పావు లీటరు నీరు పట్టి ఉంచుతుంది, అరంగుళం దాంట్లో సగం కన్నా తక్కువ. గీజరు నుంచి వంటింటి సింకుకి పది మీటర్లు ముప్పావు పైపు వేస్తే, కుళాయి తిప్పిన ప్రతిసారీ రెండున్నర లీటర్ల చల్లనీరు పారబోశాకే వేడినీరు వస్తుంది. చెయ్యి కడుక్కునే లోపు పని అయిపోతుంది, వేడినీళ్ళు పైపులో చల్లారిపోతాయి. రెండు బాత్‌రూములకి కలిపి వెళ్ళే భాగం దాకా ముప్పావు, అక్కణ్ణుంచి విడి కొమ్మలు అరంగుళం. ఒక్క గదికే అయితే మొత్తం అరంగుళం చాలు.

పంపుని చల్లనీళ్ళ లైనుకి మాత్రమే కలిపి, గీజరుకి పాత గ్రావిటీ లైను వదిలేయడం బాగా కనపడే తప్పు. మిక్సరులో రెండు హ్యాండిళ్ళూ తెరిస్తే మూడు బార్ చల్లనీరు, అర బార్ కూడా లేని వేడినీటిని వెనక్కి నెట్టి వేడిలైనులోకి దూరుతుంది. వేడినీళ్ళు రావు, గీజరు పాడైందనుకుంటారు. పంపు తర్వాతే లైను రెండుగా చీలాలి, ఒకటి గీజరుకి, ఇంకొకటి చల్లకుళాయిలకి. పంపు పక్కనే ఎన్ఆర్‌వితో బైపాస్ కూడా పెట్టించుకోండి. కరెంటు పోయినా గ్రావిటీ మీద సన్నగానైనా నీళ్ళొస్తాయి.

వంద లీటర్ల ట్యాంకు పెడితే

పెద్ద ఇళ్ళల్లో గదికో గీజరు కాకుండా ఒకే వంద లీటర్ల సిలిండరు పెట్టుకోవడం ఇప్పుడు ఎక్కువైంది. 25 నుంచి 60 డిగ్రీలకి వంద లీటర్లు 1.4 లీటర్లు ఉబ్బుతాయి. రోజూ అన్ని నీళ్ళు ఎమ్‌ఎఫ్‌విలోంచి కార్చుకునే బదులు ఎక్స్‌పాన్షన్ వెసెల్ పెట్టాలి. చూడటానికి చిన్న గ్యాసు బుడ్డిలా ఉంటుంది, లోపల రబ్బరు బ్లాడరు, ఒక వైపు గాలి, ఇంకో వైపు నీరు. సైజు లెక్క కష్టమేమీ కాదు. లైను ప్రెషర్ 2 బార్, ఎక్కువలో ఎక్కువ 5 బార్ దాకా పోనిద్దాం అనుకోండి. బయటి గాలి ఒక బార్ కలిపితే 3, 6. 3ని 6తో భాగిస్తే సగం, అంటే వెసెల్‌లో సగం నీటికి చోటిస్తుంది. 1.4 లీటర్లకి కనీసం మూడు లీటర్ల వెసెల్ కావాలి. ఐదు లీటర్లదో ఎనిమిది లీటర్లదో పెడితే నిశ్చింత.

అది ఉండాల్సిన చోటు ఎన్ఆర్‌వి తర్వాత, సిలిండరుకి ముందు, చల్లనీళ్ళ వైపు. పంపు దగ్గర 24 లీటర్ల ప్రెషర్ ట్యాంకు ఉంది కదా, అది చాలదా అని అడుగుతారు. చాలదు. మధ్యలో ఎన్ఆర్‌వి ఉంది, సిలిండరులో ఉబ్బిన నీరు దాన్ని దాటి పంపు ట్యాంకుకి చేరలేదు. వెసెల్ వెనక మూత విప్పితే బండి ట్యూబుకి ఉండేలాంటి వాల్వు కనపడుతుంది. నీళ్ళు కట్టేసి, దగ్గరలో కుళాయి తెరిచి ప్రెషర్ పోయాక, టైరు గేజీతో గాలి చూడాలి. లైను ప్రెషర్ ఎంతో గాలి అంత ఉండాలి, ఇక్కడ 2 బార్. నీళ్ళున్నప్పుడు చూస్తే నీటి ప్రెషర్ చూపిస్తుంది, అది తప్పు లెక్క. వాల్వు నొక్కితే గాలికి బదులు నీళ్ళు చిమ్మాయంటే బ్లాడరు చిరిగింది. ఏడాదికోసారి సైకిలు పంపుతో గాలి సరిచేస్తే సరిపోతుంది.

అంత పెద్ద సిలిండరుకి పైభాగంలో వేడిని కూడా పసిగట్టే టీ అండ్ పీ వాల్వు తప్పనిసరి. ఎమ్‌ఎఫ్‌వి చల్లటి అడుగున ఉంటుంది, పైన నీరు ఎంత కాగిందో దానికి తెలియదు.

గోడ సంగతి క్లుప్తంగా. 25 లీటర్ల గీజరు నిండితే ముప్పై ఐదు కిలోలు దాటుతుంది. తొమ్మిదంగుళాల ఇటిక గోడకి 10 మి.మీ. యాంకర్ బోల్టులు ఆగుతాయి. నాలుగున్నర అంగుళాల అడ్డగోడకీ, తేలిక ఏఏసీ బ్లాకు గోడకీ అవతలి వైపు ఇనప పట్టీ పెట్టి ఆరపార బోల్టు వెయ్యాలి. పాత మట్టి, సున్నం గోడల్లో యాంకర్ ఊడి వస్తుంది. నిలువు గీజరుని అడ్డంగా పెట్టొద్దు. డొక్కుని తుప్పు నుంచి కాపాడే ఆనోడు కడ్డీని అడుగు నుంచి లాగేందుకు జాగా వదలండి.

నీళ్ళు నింపేటప్పుడు స్విచ్ ఆఫ్. గోడ గాడులు పూడ్చకముందే, గీజరు కలపకుండా, చేతి పంపుతో లైనులో ఆరు బార్ ఎక్కించి గంట చూడాలి. అతుకులు వేసి 24 గంటలు గడిచాకే. పైపుల్లో గాలి మిగిలి ఉంటే ముల్లు మెల్లగా దిగుతుంది, దాన్ని లీకు అనుకుంటారు. కుళాయిలన్నీ ఒక్కొక్కటిగా తెరిచి గాలి తీశాక మళ్ళీ చూడండి. తర్వాత గీజరు కలిపి, వేడి కుళాయి తెరిచి, చల్ల కాక్ తెరవాలి. కుళాయి ఫట్‌ఫట్‌మని గాలి కక్కి, తర్వాత నిండుగా ధార కట్టాలి. అప్పటిదాకా స్విచ్ వెయ్యకూడదు. ఖాళీ గీజరు ఆన్ చేస్తే ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, విడి ఎమ్‌సీబీ, కరెంటు లీకైతే కట్టేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తు ఉండాలి. ఉప్పునీటి ఊళ్ళల్లో ఆర్‌సీసీబీ మరీ ముఖ్యం. ఎలిమెంటు తొడుగు కన్నం పడితే నీళ్ళకి కరెంటు వస్తుంది.

25 డిగ్రీల నీరు 25 లీటర్లు 60కి రావడానికి అరగంట పడుతుంది. పుష్యంలో మంచు కమ్మిన తెల్లవారుజామున ట్యాంకు నీరు ఇరవైలో ఉంటే 35 నిమిషాలు. ఆ నిండు గీజరుతో చల్లనీరు కలుపుకుంటే స్నానానికి రెండున్నర, మహా అయితే మూడు బకెట్లు. భోగినాడు కూతుళ్ళూ అల్లుళ్ళూ పిల్లలతో ఇల్లు నిండినప్పుడు ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. థర్మోస్టాటు 80కి పెంచి సరిపుచ్చడం కన్నా పెరట్లో కాగు పెట్టుకోవడం నయం. 60 దాటితే సున్నం పొలుసు జోరుగా కడుతుంది, పిల్లల చర్మమూ కాలుతుంది.

చుక్కని చూసి జబ్బు చెప్పొచ్చు. గీజరు ఆన్‌లో ఉన్నంతసేపూ పడి, ఆఫ్ చేశాక ఆగితే ఆరోగ్యం. రాత్రీ పగలూ ఆగకుండా పడితే రెండిట్లో ఒకటి, సీటులో మట్టి ఇరుక్కుంది, లేదా లైను ప్రెషర్ ఎక్కువైంది. కుళాయికి గేజీ తగిలించి రాత్రంతా ఉంచితే తేలిపోతుంది. ఎవరూ కుళాయి తిప్పకుండానే పంపు అప్పుడప్పుడు తనంతట తను కొట్టుకుంటుంటే అదీ ఈ చుక్కే కావచ్చు. చుక్కకి బదులు వేడి ధారో, ఆవిరో వస్తే థర్మోస్టాటు పోయింది, వెంటనే మెయిన్ ఆఫ్. చల్లకుళాయిలో గోరువెచ్చటి నీళ్ళు వస్తే ఎమ్‌ఎఫ్‌వి లోపలి ఎన్ఆర్‌వి మూసుకోవట్లేదు. స్విచ్ వేసి గంటలు గడిచినా ఒక్క చుక్కా పడకపోతే సంతోషించకండి. ఏదో కుళాయి కారుతూ ఉండొచ్చు, లేకపోతే ముక్కు పూడిపోయి ఉండొచ్చు. వాల్వు మీద చిన్న మీట ఉంటుంది, నెలకోసారి దాన్ని ఎత్తి, బుస్సుమని నీళ్ళు వచ్చాక వదలండి. ఏళ్ళ తరబడి ఎత్తనిది ఒక్కసారి ఎత్తితే తిరిగి మూసుకోకపోవచ్చు, కొత్త వాల్వు చేతిలో ఉంచుకుని ఎత్తండి.

మిగిలింది మన నీళ్ళు. ఆషాఢంలో గోదారికి కొత్తనీరు వచ్చాక కాలువల్లో ఎర్రనీళ్ళు పారతాయి. ఎంత తేర్చినా సన్నటి ఒండ్రు ట్యాంకు అడుగున దిగి, అక్కణ్ణుంచి స్ట్రెయినరులోకీ ఎమ్‌ఎఫ్‌వి సీటులోకీ వస్తుంది. ట్యాంకు నుంచి పైపు అడుక్కంటా కాకుండా రెండు మూడంగుళాల ఎత్తులో తీసుకుంటే సగం బాధ తప్పుతుంది. ఎర్రనీళ్ళ కాలం పోయాక ట్యాంకు కడిగి, స్ట్రెయినరు జాలీ విప్పి బ్రష్షుతో రుద్దండి.

వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేశాక బోరునీళ్ళ మీద పడతాం. భీమవరం, నరసాపురం, మొగల్తూరు వైపు, కోనసీమలో సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఆ నీరు నోట్లో పోసుకోలేం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో క్లోరైడు లీటరుకి 250 మిల్లీగ్రాములు మించొద్దనీ, వేరే నీరు దొరకని చోట 1000 దాకా సర్దుకోవచ్చనీ ఉంది. గీజరుకి అంత ఓపిక లేదు. క్లోరైడు ఎక్కువైతే స్టీలు డొక్కు వెల్డింగు పక్కన సూదిమొన కన్నాలు పడతాయి. ఎనామిల్ డొక్కుని లోపలి మెగ్నీషియం ఆనోడు కడ్డీ కాపాడుతుంది, తను కరిగిపోతూ. కాలువనీళ్ళ ఇంట్లో దాన్ని ఏడాదికోసారి చూస్తే చాలు, బోరు ఉప్పునీటికి ఆరు నెలలకే చూడాలి. సగం కన్నా సన్నబడినా, మధ్యలో ఇనప తీగ కనపడినా మార్చేయాలి. బోరునీటితో వేడినీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తే కడ్డీ పీకి పారేయమని సలహా ఇస్తారు. వాసన పోతుంది, డొక్కు కూడా పోతుంది. వాసనకి గీజరుని ఖాళీ చేసి కడిగి, కాసేపు థర్మోస్టాటు 60 పైన ఉంచి నీళ్ళు మార్చడం మేలు.

వీలుంటే మేడ మీద రెండు ట్యాంకులు పెట్టి, కాలువ నీళ్ళది ఒక్కటే గీజరు లైనుకి కలపండి. బోరు ట్యాంకు కమోడుకీ, అంట్లకీ, మొక్కలకీ. కాలువ కట్టేసిన నెలల్లో వేడినీళ్ళ అవసరం ఎలాగూ ఉండదు కాబట్టి, గీజరు చల్ల కాక్ కట్టేసి, స్విచ్ తీసేసి, లోపలి నీళ్ళు ఎమ్‌ఎఫ్‌వి మీట ఎత్తి వేడి కుళాయి తెరిచి దించేయండి. మళ్ళీ కాలువ వదిలి, ఎర్రనీళ్ళు తేరాక నింపుకోవచ్చు. అప్పుడు గాలి పూర్తిగా పోయేదాకా కుళాయి తెరిచే ఉంచండి.